చేతిలో టూరిస్టు వీసా ఉండగా మళ్ళీ ఇంకో వీసా ఎందుకు?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. టెక్సస్‌లోని ఒక విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఈ వేసవిలో పది వారాలు తన ల్యాబ్‌లో పని చేయడానికి రమ్మన్నారు. మొత్తం 3,000 డాలర్ల స్టైపెండ్ ఇస్తారట. రెండేళ్ళ క్రితం డాలస్‌లో ఉన్న మా అమ్మాయి పురుటికి సాయం వెళ్ళినప్పుడు అందరం పదేళ్ళ టూరిస్టు వీసా తీసుకున్నాం. వాడికీ ఉంది. అమీర్‌పేటలో ఒక ఏజెంటు, "ఆ వీసా మీదే వెళ్ళి రావచ్చు, జే1 (శిక్షణ, మార్పిడి కార్యక్రమాలకు ఇచ్చే వీసా) తీసుకుంటే రేపు ఎంఎస్‌కు అడ్డం పడుతుంది" అంటున్నారు. నిజమేనా? చిలుకూరు బాలాజీకి మొక్కుకున్నాం కూడా.

జవాబు: అమ్మా, నిజం కాదు. మీ అబ్బాయి దగ్గరున్న వీసా అక్క ఇంటికి వెళ్ళి రావడానికి భేషుగ్గా పనికొస్తుంది. ల్యాబ్‌లో పనికి చెల్లదు. పది వారాలేగా అన్న మాట ఇక్కడ లెక్కకు రాదు. ఎన్నాళ్ళుంటామో చూసుకుని వీసా ఎంచుకోవడం మనవాళ్ళకు అలవాటు. అవతల అధికారి మొదట చూసేది మాత్రం వెళ్ళి ఏం చేస్తారన్నది.

నా దగ్గరికి వచ్చే పిల్లల చేత నేను ముందుగా తెల్లకాగితం మీద ఒక వాక్యం రాయిస్తాను: అక్కడ రోజూ పొద్దున లేచి ఏం చేస్తావు? మీ అబ్బాయి రాస్తే, "ల్యాబ్‌కు వెళ్ళి ప్రొఫెసర్ ప్రాజెక్టులో పని చేస్తాను, అందుకు డబ్బు తీసుకుంటాను" అని రాయాలి. సందర్శకుల వీసాలో బీ1, బీ2 అని రెండు రకాలు. ఆ వాక్యం బీ1లోనూ ఇమడదు, బీ2లోనూ ఇమడదు. బీ1 సదస్సులకు, వ్యాపార చర్చలకు, ఒప్పందాలకు. బీ2 చూడటానికి, చుట్టాలను కలవడానికి, వైద్యానికి. బీ2 మీద ఏదైనా నేర్చుకోవాలన్నా సరదా కోసం చేరే చిన్న కోర్సులకే, అదీ డిగ్రీకి పనికొచ్చే క్రెడిట్లు లేనివాటికే అనుమతి. రెండు వారాల వంట క్లాసు పరవాలేదన్నమాట.

ఇంకో దేశంలో ఇదే పేరున్న వీసా ఇలాగే ఉంటుందనుకోకండి. బ్రిటన్ సందర్శక వీసా మీద గుర్తింపు పొందిన సంస్థలో ఆరు నెలల్లోపు కోర్సు చదవవచ్చు, ఇంటర్న్‌షిప్ మాత్రం కుదరదు. షెంగెన్ స్వల్పకాలిక వీసాతో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు షెంగెన్ ఒప్పందంలోని యూరప్ దేశాల్లో తిరగవచ్చు. తిరగడానికి అనుమతి ఉన్నంత మాత్రాన జీతానికి పని చేసే అనుమతి ఉన్నట్టు కాదు. అందుకే పక్కింటివాళ్ళ అబ్బాయి ఎవరైనా జర్మనీ వెళ్ళొచ్చినా ఆ అనుభవం మీకు అక్కరకు రాదు.

"అయితే స్టైపెండ్ వద్దంటాం, ఉచితంగా చేస్తాడు" అని మీకు తోచవచ్చు. ఈ మాట నేను చాలామంది తల్లిదండ్రుల నోట విన్నాను. డబ్బు తీసుకోనంత మాత్రాన ల్యాబ్ పని విహారయాత్ర అయిపోదు. జీతం లేకుండా బీ1 మీద వెళ్ళగలిగే కొన్ని సందర్భాలు ఉన్నాయి. వైద్య విద్యార్థులు అక్కడి వైద్య కళాశాల ఆసుపత్రిలో చేసే ఎలెక్టివ్ శిక్షణ అలాంటిది. మీ వాడిది ఇంజనీరింగ్, పైగా ప్రొఫెసర్ ప్రాజెక్టుకు అతని పని కావాలి.

కాబట్టి దారి జే1. దీన్ని మీరు ఇక్కడ కూర్చుని తెచ్చుకోలేరు, ఏజెంటూ తేలేడు. అక్కడి విశ్వవిద్యాలయమో, అనుమతి ఉన్న మరో స్పాన్సరు సంస్థో డీఎస్-2019 అనే పత్రం ఇవ్వాలి. మన దగ్గర చదువుతూ అక్కడ శిక్షణకు వెళ్ళే వాళ్ళకు స్టూడెంట్ ఇంటర్న్ అనే విభాగం ఉంది. దానికి ఏం నేర్పుతారో, ఎవరు పర్యవేక్షిస్తారో రాసే శిక్షణ ప్రణాళిక పత్రం డీఎస్-7002 కూడా కావాలి. ప్రొఫెసర్లకు ఈ కాగితాల సంగతి చాలాసార్లు తెలియదు. రమ్మని ఒక ఈమెయిల్ పంపి ఊరుకుంటారు. వాళ్ళ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి ఈ వారమే రాయమని మీ అబ్బాయి చేత అడిగించండి. ఆలస్యమంతా ఇక్కడే జరుగుతుంది. ఆ పత్రం చేతికొచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రుసుము 220 డాలర్లు, వీసా రుసుము 185 డాలర్లు కట్టి, డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపి ఇంటర్వ్యూ తేదీ తీసుకోవడమే. వైద్య బీమా తప్పనిసరి. ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల వరకు వర్తించాలి. విశ్వవిద్యాలయం చెప్పే పాలసీయే తీసుకుంటే తలనొప్పి ఉండదు.

ఇక ఎంఎస్ భయం. జే1 వాళ్ళలో కొందరికి, తిరిగొచ్చాక స్వదేశంలో రెండేళ్ళు ఉండాలన్న షరతు వర్తిస్తుంది. ప్రభుత్వ నిధులతో వెళ్ళేవారు, అక్కడ వైద్య శిక్షణ పొందే డాక్టర్లు, తమ దేశానికి అవసరమైన నైపుణ్యాల జాబితాలోని రంగాలవారు దీని కిందికి వస్తారు. ఆ జాబితా నుంచి భారత్‌ను 2024 డిసెంబరులో తొలగించారు. మీ అబ్బాయికి షరతు ఉందో లేదో వీసా మీదా డీఎస్-2019 మీదా రాస్తారు, చదువుకోండి. ఒకవేళ ఉన్నా అది అడ్డుకునేది ఉద్యోగానికి వెళ్ళే హెచ్1బీని, కంపెనీ బదిలీ మీద వెళ్ళే ఎల్ వీసాను, గ్రీన్‌కార్డును. ఇక్కడి నుంచి విద్యార్థి వీసా ఎఫ్1కు దరఖాస్తు చేసి ఎంఎస్‌కు వెళ్ళడాన్ని కాదు. ఏజెంటు సగం విన్న మాటను మీకు పూర్తిగా అమ్మారు.

ఎంఎస్‌కు నిజంగా అడ్డుపడేది ఆయన చెప్పిన దారే. విమానాశ్రయంలో అధికారి ఎందుకొచ్చావని అడుగుతారు. అక్కను చూడటానికి అంటాడు. ఫోను తెరిపిస్తే ప్రొఫెసర్ ఈమెయిల్ కనబడుతుంది. అక్కడికక్కడే వెనక్కి పంపితే సాధారణంగా ఐదేళ్ళ నిషేధం పడుతుంది. అబద్ధమాడి ప్రవేశించాలని చూశాడని నమోదైతే అది జీవితకాల అనర్హత, మినహాయింపు దొరికితే తప్ప వదలదు. పట్టుబడకుండా తిరిగొచ్చినా ఊరట లేదు. రెండేళ్ళకు ఎంఎస్ కోసం రెజ్యూమెలో ఆ ల్యాబ్ పని రాస్తాడు కదా, ఏ వీసా మీద చేశావని అడిగితే ఏం చెబుతాడు?

అక్క అమెరికాలో ఉన్నట్టు చెప్పవద్దని కూడా ఎవరో ఒకరు చెవిలో ఊదుతారు. డీఎస్-160లో ఆ ప్రశ్న నేరుగానే ఉంటుంది, ఉన్నదున్నట్టు రాయండి. ఎలాగూ మీ పాత దరఖాస్తుల్లో ఆమె పేరు ఉండే ఉంటుంది. బ్యాంకు ఖాతాలో నెల రోజులకు అప్పు తెచ్చి డబ్బు వేయడం ఇంకో తెలివితక్కువ పని. మీ వాడి ఖర్చు ఎవరు భరిస్తారో డీఎస్-2019లోనే ఉంటుంది. స్టైపెండ్‌కు మించి ఎంత పడుతుందో ఆ మేరకు మీ జీతం పత్రాలు చాలు.

ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలో. బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి కాన్సులేట్ అక్కడికి మారింది 2023లో. రెండు మూడు నిమిషాల మాట అది. బట్టీ పట్టిన జవాబులు వద్దు. ల్యాబ్‌లో చేయబోయే పనిని మీకు, అంటే ఇంజనీరింగ్ చదవని మనిషికి, అర్థమయ్యేలా చెప్పగలిగితే అధికారికీ చెప్పగలడు. నాలుగో సంవత్సరం మిగిలి ఉండటం అతనికి బలం, తిరిగి రావడానికి అంతకన్నా కారణం ఏం కావాలి? కాలేజీ నుంచి ఆ మేరకు ఉత్తరం తీసుకోమనండి. 2025 జూన్ నుంచి జే1 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచమంటున్నారు, అదీ చూసుకోమనండి. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేస్తారు కదా, ఏ వీసా కోసమో ఆయనకు కూడా స్పష్టంగా చెప్పుకోండి.

అమెరికాలో దిగగానే, ఏ వీసా మీద ప్రవేశించారో చూపే ఐ-94 రికార్డును ఆన్‌లైన్‌లో తెరిచి చూడాలి. పాస్‌పోర్టులో రెండు వీసాలు ఉన్నప్పుడు పొరపాటున బీ2 అని నమోదు కావచ్చు. అలా ఉంటే ల్యాబ్‌లో అడుగుపెట్టక ముందే విశ్వవిద్యాలయ కార్యాలయానికి చెప్పి సరిచేయించుకోవాలి.

అక్క ఇంట్లో ఉండాలన్న కోరిక కూడా తీరుతుంది. ప్రోగ్రాం ముగిశాక జే1 వాళ్ళు 30 రోజుల వరకు అక్కడే ఉండవచ్చు, పని మాత్రం చేయకూడదు. డాలస్‌లో అక్క బిడ్డను ఎత్తుకుని తిరగడానికి ఆ రోజులు సరిపోతాయి. ఇక్కడ తరగతులు ఎప్పుడు మొదలవుతాయో కనుక్కుని తిరుగు టికెట్ తీయండి.