సమాధానం: కోటోనూ నుండి ఒక్కరోజులో అబోమే రాజప్రాసాదాలు

పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ దేశపు నగరం కోటోనూలో మీకున్న ఒకే ఒక్క రోజులో అబోమే, విదా, గాన్వియే అనే ఊళ్లు మూడూ చూపిస్తామంటున్న యాత్రను తీసుకోవచ్చా అని అడిగారు. తీసుకోవద్దని నా సలహా. అబోమే సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. రానుపోనూ ప్రయాణానికే ఐదారు గంటలు పడుతుంది కాబట్టి, మూడు చోట్లకు పరుగెత్తితే ప్రాసాదాలకు గంట కూడా మిగలదు.

అబోమే రాజధానిగా ఒకప్పుడు ఇక్కడ ఏలిన దహోమే రాజులు ఒకరి తరువాత ఒకరు కట్టించుకున్న ఈ మట్టి ప్రాసాదాలు 47 హెక్టార్లలో విస్తరించి ఉన్నాయి. 1985లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1892లో ఫ్రెంచి సేనలు సమీపించినప్పుడు బెహాంజిన్ రాజు నగరానికి నిప్పుపెట్టించగా, గెజో, గ్లేలే రాజుల ప్రాసాదాలే ప్రధానంగా మిగిలాయి. వాటి గోడలపై, పుట్టమన్నును పామాయిల్‌తో కలిపి మలిచిన ఉబ్బెత్తు బొమ్మల దగ్గర తప్పక ఆగండి. గ్లేలేకు సింహం, బెహాంజిన్‌కు సొరచేప గుర్తులు. చిల్లుల కుండ గెజోది: ప్రజలందరూ తలా ఒక వేలు అడ్డుపెడితే నీరు నిలుస్తుందన్నది దాని భావం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ఈ గుర్తుల అర్థం గైడు చెబితేనే తెలుస్తుంది. అక్కడ ఫ్రెంచి, ఫోన్ అనే స్థానిక భాషే ఎక్కువగా వినిపిస్తాయి కనుక ఇంగ్లీషు మాట్లాడే గైడును ముందే అడగండి. పునరుద్ధరణ పనులు సాగుతున్నందున ఏ భాగాలు తెరిచి ఉన్నాయో, ఫోటోలకు అనుమతి ఉందో లేదో డబ్బు కట్టకముందే కనుక్కొని, ఉదయం ఆరింటికల్లా బయలుదేరండి.