మీ ప్రశ్నలు: పేను సాక్ష్యం ఎంతవరకు నమ్మొచ్చు?

ప్ర: పరాన్నజీవుల్ని చూసి జంతువులు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాయో చెప్పొచ్చని మా లెక్చరర్ గారు అన్నారు. పేనుకి ఖండాలతో ఏం పని మేడమ్? (జువాలజీ విద్యార్థిని)

జ: పేనుకి ఖండాలతో ఏ పనీ లేదమ్మా. దాని లోకమంతా ఒక జంతువు ఒళ్లే. మాకు అది పనికొచ్చేది కూడా అందుకే. జంతువు ఎటు వెళ్తే పేనూ అటే. ఆ జంతువుల గుంపు కొండకి అటూ ఇటూ విడిపోయి కొన్ని లక్షల ఏళ్లకి రెండు జాతులైతే, వాటి మీది పేలూ రెండు జాతులయ్యే అవకాశం ఉంది. అప్పుడు ఇద్దరి వంశవృక్షాల్నీ పక్కపక్కన పెడితే కొమ్మకి కొమ్మ సరిపోవాలి.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. బ్రెజిల్‌లో పనిచేసిన హెర్మన్ ఫాన్ ఇయరింగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దం చివర్లోనే దక్షిణ అమెరికాలోని, రొయ్యల్లాంటి క్రేఫిష్‌ల మీదా, న్యూజిలాండ్ క్రేఫిష్‌ల మీదా ఉండే చిన్న పురుగులు దగ్గరి చుట్టాలని గమనించాడు. మంచినీళ్లలో బతికే జీవులు అంత సముద్రం ఎలా దాటాయి? ఒకప్పుడు ఆ రెండు నేలలకీ సంబంధం ఉండే ఉంటుందని ఆయన వాదించాడు. ఖండాలే కదిలాయని ఆల్ఫ్రెడ్ వెగెనర్ అనే ఇంకో జర్మన్ శాస్త్రజ్ఞుడు చెప్పింది ఆ తర్వాత, 1912లో.

అన్నిటికంటే చక్కగా కుదిరిన ఉదాహరణ గోఫర్లది. ఇవి ఉత్తర అమెరికాలో నేల కింద బొరియల్లో బతికే, ఎలుకల్లాంటి జంతువులు. దేని బొరియ దానిదే, పక్కదాన్ని రానివ్వదు. దాంతో పేను ఒక గోఫర్ నుంచి ఇంకోదాని మీదికి వెళ్లాలంటే జత కట్టేటప్పుడో, తల్లి నుంచి పిల్లకో తప్ప దారి దాదాపు లేదు. మార్క్ హాఫ్నర్, స్టీవెన్ నాడ్లర్ 1988లో గోఫర్ల వంశవృక్షాన్నీ వాటి పేల వంశవృక్షాన్నీ పోల్చి చూస్తే చాలావరకు సరిపోయాయి. 1994లో డీఎన్ఏతో మళ్లీ చూశారు. అప్పుడూ అదే ఫలితం. పైగా పేల డీఎన్ఏ గోఫర్ల కంటే ఎన్నో రెట్లు వేగంగా మారుతోందని తేలింది. పేను తరం చాలా చిన్నది మరి.

అలాగని ప్రతి పేను మాటా నమ్మేయకూడదు. నేను పనిచేసేది పక్షుల పేల మీద కాబట్టి ఈ సంగతి కాస్త గట్టిగానే చెబుతాను. ఒకే పావురం మీద రెండు రకాల పేలుంటాయి. ఒంటి పేను గుండ్రంగా, పొట్టిగా ఉంటుంది. పొట్ట దగ్గరి మెత్తటి ఈకల్లో దాక్కుంటుంది. రెక్క పేను సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రెక్క ఈకలోని రెండు పోగుల మధ్య సందులో ఒదిగి పడుకుంటుంది, పావురం ముక్కుతో ఎంత దువ్వినా దొరకదు. మైక్రోస్కోప్ కింద చూస్తే ఆ ఒళ్లు ఆ సందు కొలతకే తయారైనట్టుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యం తీరదు.

రెండూ ఉండేది ఒకే పక్షి మీద, తినేది అవే ఈకలు. అయినా డేల్ క్లేటన్, కెవిన్ జాన్సన్ 2003లో పోల్చి చూస్తే ఒంటి పేల వంశవృక్షం పావురాలతో సరిపోయింది, రెక్క పేలది సరిపోలేదు. కారణం ఒక ఈగ. పావురాల రక్తం పీల్చే ఈగ ఒకటుంది. రెక్క పేను దాని కాలు పట్టుకుని వేరే పక్షి మీదికి, ఒక్కోసారి వేరే జాతి మీదికి కూడా వెళ్లిపోతుంది. ఒంటి పేనుకి ఆ విద్య రాదు. కాబట్టి అమ్మా, ఏ పరాన్నజీవిని సాక్ష్యానికి పిలిచినా ముందు దానికి ఇల్లు మారే అలవాటుందేమో తెలుసుకోవాలి. కంప్యూటర్‌లో వృక్షాలు గీయడం ఆ తర్వాతి పని.

ప్ర: సముద్రంలో కొండలూ నదులూ అడ్డు రావు కదా. అక్కడ ఈ పద్ధతి ఎలా పనిచేస్తుంది? (ఒక పాఠకుడు)

జ: నీళ్లలోనూ గోడలుంటాయండీ, కంటికి కనపడవంతే. రైట్ తిమింగలాల్నే తీసుకోండి. ఉత్తర అట్లాంటిక్‌లో ఒకటి, ఉత్తర పసిఫిక్‌లో ఒకటి, దక్షిణ సముద్రాల్లో ఒకటి, మొత్తం మూడు జాతులు. ఒంటినిండా మందపాటి కొవ్వుండే ఈ జంతువులకి భూమధ్యరేఖ దగ్గరి వేడి నీళ్లే గోడ. వాటి తల మీద గరుకు మచ్చలు తెల్లగా కనిపించేది అక్కడ గుంపులుగా ఉండే 'తిమింగలం పేల' వల్ల. పేరుకి పేలే గానీ, నిజానికి ఇవి రొయ్యల చుట్టాలు. ఈదడం రాదు, పట్టు జారితే చావే. ఒళ్లూ ఒళ్లూ తగిలితేనే ఇంకో తిమింగలం మీదికి వెళ్తాయి.

2005లో వచ్చిన ఒక పరిశోధనలో వీటి డీఎన్ఏని బట్టి మూడు తిమింగలాలూ 50-60 లక్షల ఏళ్ల కిందట విడిపోయాయని లెక్క కట్టారు. ఇంకో సంగతీ బయటపడింది. గత 10-20 లక్షల ఏళ్లలో ఎప్పుడో కనీసం ఒక దక్షిణాది తిమింగలం పసిఫిక్‌లో ఆ వేడి నీళ్లు దాటి ఉత్తరానికి వచ్చి, అక్కడివాటికి తన పేలు అంటించింది. ఒక్క జంతువు చేసిన ప్రయాణం ఇన్నాళ్లకి మనకి తెలిసిందంటే ఆ పేల పుణ్యమే.

ప్ర: మనిషికీ గొరిల్లాకీ ఒకే రకం పేలుంటాయని విన్నాను. నిజమేనా? అడగడానికి మొహమాటంగా ఉంది. (పేరు రాయవద్దు)

జ: మొహమాటం ఎందుకండీ, మంచి ప్రశ్న. మన తల పేనుకి దగ్గరి చుట్టం చింపాంజీ మీద ఉంది, అది మన వంశానికి తగ్గట్టే ఉంది. జననాంగాల దగ్గరి వెంట్రుకల్లో ఉండే పేనుకి మాత్రం దగ్గరి చుట్టం గొరిల్లా పేను. ఆ రెండూ విడిపోయింది సుమారు 30-40 లక్షల ఏళ్ల కిందట. మనుషుల పూర్వీకులూ గొరిల్లాలూ విడిపోయింది అంతకంటే చాలా ముందు. అంటే ఈ పేను మధ్యలో ఇల్లు మారింది. మీరు భయపడిన కారణమే కానక్కర్లేదు. గొరిల్లా పడుకున్న చోట పడుకున్నా, చచ్చిన గొరిల్లాని కోసుకున్నా చాలు.

ప్ర: అంతరించిపోతున్న జంతువుని కాపాడేటప్పుడు దాని పేలు పోతే మంచిదే కదా? (ఒక పాఠకురాలు)

జ: నేను ఒప్పుకోలేనమ్మా. 1987లో కాలిఫోర్నియా కాండార్ అనే పెద్ద రాబందులు 27 మిగిలాయి. అన్నిటినీ పట్టి పెంచారు, జాతి నిలబడింది. ఆ పని చేసినవాళ్లకి చేతులెత్తి దండం పెడతాను. కానీ మందు వేసి పేలు తీసేయడంతో ఆ పక్షి మీద మాత్రమే ఉండే ఒక పేను జాతి పూర్తిగా పోయింది. అది కాండార్‌కి పెద్ద కీడు చేసేదన్న రుజువేమీ లేదు. కాండార్ల గతం గురించి అది చెప్పగలిగినదంతా దాంతోనే పోయింది.

ప్యాసింజర్ పావురం అనే ఉత్తర అమెరికా పావురం జాతి 1914లో అంతరించినప్పుడు దాని పేనూ పోయిందనే అందరూ అనుకున్నారు. 1999లో చూస్తే ఆ పేను ఇంకో పావురం జాతి మీద బతికే ఉంది! అదీ రెక్క పేనే.

జూల్లో, పక్షుల ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు ఈ శీర్షిక చదువుతుంటే ఒక మాట. మందు చల్లే ముందు కొన్ని పేలు తీసి ఆల్కహాల్ ఉన్న సీసాలో వేయండి. ఒక్కో పక్షికి ఒక్కో సీసా. పక్షి పేరు, దొరికిన చోటు, తేదీ పెన్సిల్‌తో రాసి ఆ చీటీ సీసా లోపలే పెట్టండి. పెన్ను ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.