అభ్యర్థుల కేసులు పోల్చి కరపత్రం వేస్తే తప్పా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో ఒక పట్టణం. మహిళా సంఘం, దళిత యువజన సంఘం కలిసి పనిచేస్తాం. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు మా నియోజకవర్గంలో ఎవరి మీద ఎన్ని కేసులున్నాయో, ఎవరి ఆస్తి ఎంతో ఒక కాగితం మీద వేసి పంచాలనుకున్నాం. ఒక అభ్యర్థి మనుషులు ఫోన్ చేసి పరువునష్టం దావా వేస్తామన్నారు. టెన్షన్ పడి మానుకున్నాం. వచ్చే ఎన్నికలకైనా వెయ్యాలని ఉంది. చట్టం ఒప్పుకుంటుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఒప్పుకుంటుందమ్మా. అభ్యర్థి నేరచరిత్ర, ఆస్తులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఆ హక్కును తగ్గించేలా పార్లమెంటు చేసిన సవరణను 2003లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో కొట్టేసింది. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ రహస్య పత్రం కాదు, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. అభ్యర్థి స్వయంగా ప్రమాణం చేసి రాసిచ్చిన వివరాన్ని మార్చకుండా అచ్చు వేస్తే పరువునష్టం కేసు నిలవడం కష్టం. ప్రజల మేలు కోసం చెప్పిన నిజానికి, పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది.

నా అభ్యంతరమల్లా మీ పట్టిక మీద. 'ఎన్ని కేసులు' అన్న గడి తీసేసి, 'ఏ సెక్షన్లు' అని పెట్టండి. పట్టాల కోసమో, కూలి రేట్ల కోసమో రాస్తారోకో చేసిన కార్యకర్త మీద పాత ఐపీసీ 143, 188, 341 (చట్టవిరుద్ధంగా గుమికూడడం, ఉత్తర్వు ధిక్కరించడం, దారి అడ్డగించడం) కింద పది కేసులుండొచ్చు. ఇంకొకరి మీద ఒక్కటే ఉండొచ్చు, కానీ అది మహిళ మీద దౌర్జన్యం చేసినందుకు పెట్టిన 354 కేసో, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసో కావచ్చు. అంకె మాత్రమే వేస్తే మొదటివాడు రౌడీ, రెండోవాడు పెద్దమనిషి అయిపోతారు. పేదల పక్షాన నిలబడాలనుకునే మీ సంఘాలే ఆ అన్యాయం చేయకూడదు. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు కొత్త సంహిత నంబర్లు వస్తాయి కాబట్టి నంబరు పక్కన నేరం పేరు కూడా తెలుగులో రాయండి.

కేసు ఏ దశలో ఉందో కూడా చెప్పాలి. ఎఫ్‌ఐఆర్ ఉందంటే ఆరోపణ వచ్చిందనే అర్థం. కోర్టు అభియోగాలు మోపితే అది ఇంకాస్త బరువైన విషయం. శిక్ష పడనివాళ్లను 'నేరస్తుడు' అనొద్దు. మీ కాగితానికి నిజంగా ప్రమాదం తెచ్చే మాట అదొక్కటే. నిజం కాదని తెలిసీ అభ్యర్థి వ్యక్తిగత నడవడిక మీద రాస్తే న్యాయ సంహిత 175వ సెక్షన్ కింద జరిమానా పడుతుంది.

కేసులున్నవాళ్లకు టికెట్ ఎందుకిచ్చారో పార్టీలు కారణం ప్రకటించాలని, 'గెలుస్తాడు' అనేది ఒక్కటే కారణం కాకూడదని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కారణాన్ని పార్టీ మాటల్లోనే అచ్చు వేయండి.

అఫిడవిట్‌లో దొరకనివి చాలా ఉంటాయి. గృహహింస చట్టం కింద భార్య వేసిన అర్జీ ఎఫ్‌ఐఆర్ కాదు, కాబట్టి మామూలుగా అందులో కనపడదు. సిట్టింగ్ ఎమ్మెల్యే దళితవాడ నీళ్ల గురించి సభలో ఒక్కసారైనా అడిగారా, నియోజకవర్గ నిధులు ఏ వీధికి వెళ్లాయి అన్నవి సమాచార హక్కు కింద ముందే అడగండి. జవాబుకు 30 రోజుల గడువుంటుంది, షెడ్యూలు వచ్చాక మొదలుపెడితే అందదు. నా దృష్టిలో ఆస్తుల లెక్క కంటే ఓటరుకు ఇదే ఎక్కువ పనికొస్తుంది.

ఇక ప్రెస్సు సంగతి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ ప్రకారం ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా కాగితం మీదే ఉండాలి. ప్రచురించేవారు తామెవరో రెండు ప్రతుల్లో సంతకం చేసి, తమను తెలిసిన ఇద్దరితో ధ్రువీకరణ చేయించి ప్రెస్సుకివ్వాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. మీ సంఘంలో ప్రభుత్వ టీచరుంటే ఆమె పేరు వాడకండి, కండక్ట్ రూల్స్ అడ్డొస్తాయి.

'ఫలానావారికే ఓటెయ్యండి' అని రాస్తే సమస్య వేరు. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా వారి గెలుపు కోసం ఖర్చు పెట్టడం న్యాయ సంహిత 176వ సెక్షన్ కింద నేరం, పదివేల వరకు జరిమానా. అనుమతి తీసుకుంటే అది వారి ఖర్చులో కలుస్తుంది. అందరినీ అవే ప్రశ్నలతో పక్కపక్కన పెట్టి, తీర్పు ఓటరుకు వదిలేస్తే ఈ సెక్షన్ మీ దాకా రాదని నా అభిప్రాయం. కులం పేరుతో ఓటు అడగడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) అవినీతికర చర్య అంటుంది. కులవివక్ష మీద అభ్యర్థి ఏం చేశారని అడగడం అది కాదు, ధైర్యంగా అడగండి.

పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో సభలు, వీడియోలు పెట్టకండి. పోలింగ్ రోజు కేంద్రానికి వంద మీటర్ల లోపల కాగితాలు పంచకండి.