నానో, కాంపోజిట్, త్రీడీ ప్రింటింగ్: దేన్ని ఎంచుకోవాలి?

ప్రశ్న: నేను బీటెక్ మెటలర్జీ మూడో సంవత్సరం చదువుతున్నాను. పదార్థ శాస్త్రవేత్తను కావాలన్నది నా కోరిక. నానో పదార్థాలు, కాంపోజిట్లు, త్రీడీ ప్రింటింగ్ మూడింటిలో దేనికి భవిష్యత్తు ఉంది? ఇంట్లో వాళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరమంటున్నారు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఈ మూడింటినీ వేర్వేరు కొలువులుగా చూడకండి. తయారీ పద్ధతి పదార్థం లోపలి నిర్మాణాన్ని ఎలా మార్చింది, ఆ మార్పువల్ల బలం, బరువు, మన్నిక ఎంత మారాయి అన్న ప్రశ్నలే మూడింటిలోనూ ఎదురవుతాయి. 2022 నవంబరు 18న నింగికెగిరిన విక్రమ్-ఎస్ రాకెట్‌ను హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ సంస్థ నిర్మించింది. దాని దేహం కార్బన్ కాంపోజిట్‌తో (కార్బన్ పోగులను రెసిన్‌తో కలిపి బిగించిన పదార్థం), కొన్ని థ్రస్టర్లు (చిన్న రాకెట్ ఇంజిన్లు) త్రీడీ ప్రింటింగ్‌తో తయారయ్యాయి.

పేరులో ‘నానో’ ఉన్నంత మాత్రాన పదార్థం బలపడదు. 1991లో సుమియో ఇజిమా పరిశోధనతో ప్రపంచం దృష్టికి వచ్చిన కార్బన్ నానోట్యూబులను (వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నని కార్బన్ గొట్టాలు) ఎపాక్సీ అనే గట్టిపడే రెసిన్‌లో కలిపినప్పుడు, అవి ఒకదానికొకటి అతుక్కొని ఉండలు కడితే పగుళ్లు అక్కడి నుంచే మొదలై, బలం పెరగడానికి బదులు తగ్గుతుంది. అల్ట్రాసోనిక్ తరంగాలతో ఆ ఉండలను విడదీయవచ్చు గానీ, మోతాదు మించితే ట్యూబులే తెగిపోతాయి. లోహపు పొడిని లేజర్‌తో పొరలు పొరలుగా కరిగించే త్రీడీ ప్రింటింగ్‌లోనూ ఇలాంటి చిక్కులున్నాయి: ఒక్కో పొర మందం పదుల మైక్రాన్లే కాబట్టి లోహం క్షణాల్లో గడ్డకట్టి, లోపల ఒత్తిళ్లు మిగిలిపోతాయి, లేజర్ శక్తి చాలకపోతే పొరల మధ్య ఖాళీలు ఏర్పడతాయి. భాగం ఎందుకు విరిగిందో విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి చెప్పగలిగిన వారికి ఈ మూడు రంగాల్లోనూ విలువ ఉంటుందని నా గట్టి నమ్మకం. మెటలర్జీ విద్యార్థినిగా మీకు ఆ పునాది ఇప్పటికే పడుతోంది.

గేట్‌లో మెటలర్జీ పేపరు రాసి ఎంటెక్ చేయండి. సొంతంగా సమస్యను ఎంచుకొని పరిశోధించాలంటే పీహెచ్‌డీ అవసరమే. అందుకు మీరు దూరం వెళ్లనక్కర్లేదు. 1959లో మొదలైన వరంగల్ ఎన్ఐటీ మీ ఊళ్లోనే ఉంది. హైదరాబాద్‌లో రక్షణ రంగ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్, పొడి లోహాలు, కొత్త పదార్థాలపై పనిచేసే పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ, ప్రత్యేక మిశ్రలోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మిధాని ఉన్నాయి. ఇంట్లో వాళ్ల మాటనూ తోసిపుచ్చకండి. ప్రయోగానికి ముందు చేసే సిమ్యులేషన్లకు, సూక్ష్మనిర్మాణ చిత్రాల విశ్లేషణకు ప్రోగ్రామింగ్ చాలా అవసరం కనుక పైథాన్ నేర్చుకోవడం మీకు మేలే చేస్తుంది.

చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఒక సూచన. రామగుండంలోని ఎన్టీపీసీ కేంద్రం వంటి బొగ్గు విద్యుత్కేంద్రాల ఫ్లైయాష్‌లో (బొగ్గు కాలగా వచ్చే సన్నని బూడిద) సెనోస్ఫియర్లు అనే బోలు గోళాలు ఉంటాయి. అవి నీటిపై తేలతాయి కాబట్టి బూడిద నుంచి సులువుగా వేరు చేయవచ్చు. వాటిని ఎపాక్సీలో వేర్వేరు పాళ్లలో కలిపి దిమ్మెలు పోయండి. సాంద్రత, సంపీడన బలం (నొక్కినప్పుడు పగలకుండా తట్టుకునే శక్తి) కొలవండి. విరిగిన ముఖాల్లో గోళాలు పగిలాయా, లేక ఎపాక్సీ నుంచి ఊడివచ్చాయా అన్నది చూసి నమోదు చేయండి. ఊడివచ్చి ఉంటే, గోళాల ఉపరితలానికి సిలేన్ (గోళాలు ఎపాక్సీకి గట్టిగా అతుక్కునేలా చేసే రసాయనం) పూత పట్టించి అవే పరీక్షలు మళ్లీ చేయండి.