వలలో పడ్డ పాత లంగరు తుక్కుకు అమ్మవచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర మత్స్యకార గ్రామం. పోయిన వారం వలలో ఇనుప లంగరు, లోహపు రేకులు, మేకులు దిగిన కొయ్య పడ్డాయి. 1839 కోరంగి తుఫానులో మునిగిన సరకుల తెరచాప ఓడవని పెద్దలు అంటున్నారు. తుక్కు వ్యాపారి రేటు కట్టాడు. అమ్మవచ్చా?

జవాబు: అమ్మకండి. అడ్వాన్సు తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేయండి. సముద్రంలో దొరికింది దొరికినవాడిదే అని తీరమంతా అనుకుంటారు గానీ చట్టం అలా లేదు.

1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం మునిగిన ఓడ శకలాలను ‘రెక్’ అంటుంది. వాటిని ఒడ్డుకు తెచ్చినవారు వీలైనంత త్వరగా ‘రిసీవర్ ఆఫ్ రెక్’ అనే అధికారికి అప్పగించాలి. యజమాని ఏడాదిలోపు హక్కు రుజువు చేసుకున్నా, మీకు రావలసిన సాల్వేజ్ సొమ్ము చెల్లించాకే తీసుకెళ్లాలి. అందులో మీ శ్రమకు ప్రతిఫలం, సరైన ఖర్చులు రెండూ ఉంటాయి. అందుకే చిరిగిన వలను, డీజిల్ బిల్లులను దాచండి. తుక్కుకు అమ్మితే ఈ హక్కే పోతుంది. 2025లో పార్లమెంటు ఈ విషయంపై కొత్త చట్టం చేసింది కనుక అర్జీలో సెక్షన్ నంబర్లు వద్దు, జరిగింది జరిగినట్టు రాయండి.

రెండోది 1972 పురావస్తువుల చట్టం. నూరేళ్లు దాటి, చారిత్రక విలువ ఉన్న వస్తువు దీని కిందికి రావచ్చు. లైసెన్సు లేకుండా వ్యాపారం చేస్తే ఆరు నెలల దాకా జైలు, వస్తువు జప్తు. ‘ఇది వట్టి ఇనుమే’ అని వ్యాపారి తేల్చలేడు. వివాదం వస్తే భారత పురావస్తు సర్వే డైరెక్టర్ జనరల్ మాటే ఆఖరు (సెక్షన్ 24).

వయసుకు పెద్దల మాట ఒక్కటే చాలదు. రేకులు పసుపు ఛాయలో ఉంటే, కొయ్య ఓడల అడుగుకు తొడుగుగా కొట్టే మంట్జ్ లోహం (రాగి, జింకు కలిపినది) కావచ్చు. దానికి ఇంగ్లండులో పేటెంటు వచ్చింది 1832లో, అంటే ఆ తొడుగు అంతకు ముందుది కాదు. రేకుల మీద ముద్రలుంటే రుద్దకుండా ఫొటో తీయండి.

అర్జీలో తేదీ, జీపీఎస్ పాయింటు, లోతు, బోటు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కాకినాడ పోర్టు ఆఫీసులో రిసీవర్ బాధ్యత ఎవరిదో అడిగి ఇవ్వండి, నకళ్లు కలెక్టరుకు, పురావస్తు శాఖకు. అందినట్టు ముద్ర వేయించుకోకుండా సామాను అప్పగించకండి. అప్పటిదాకా అన్నిటినీ మంచినీళ్ల తొట్టిలో ఉంచండి. ఎండితే కొయ్య పగిలిపోతుంది, ఉప్పు పట్టిన ఇనుము పొరలుగా ఊడుతుంది. అంటుకున్న గుల్లలను సుత్తితో కొట్టవద్దు. ఆ చోట మళ్లీ ఎవరినీ నీళ్లలోకి దించకండి.