బాయిలర్ బూడిదను పొడి చేసి కొలిచిన ఉష్ణవాహకతను నమ్మొచ్చా?

నమ్మొద్దు. నేను నమ్మి రెండు రాత్రుల నిద్ర పోగొట్టుకున్నాను.

షట్‌డౌన్‌లో సూపర్‌హీటర్ (ఆవిరిని ఇంకా వేడెక్కించే భాగం) ట్యూబుల మీంచి అరచేయంత పెచ్చు ఊడదీసి తెచ్చాను. ట్యూబు వైపు తెల్లగా, వేలికి అంటుకునే మెత్తటి పొడి. మంట వైపు నల్లగా, గాజులా గట్టిగా ఉంది. ఆ రెండు పొరల తేడాలోనే అసలు సంగతంతా ఉందని అప్పుడు తట్టలేదు. మొత్తం కలిపి నూరి, జల్లెడ పట్టి, కప్పులో పోశాను. మొదట 0.2 వాట్స్ పర్ మీటర్ కెల్విన్ దగ్గర చూపించింది. వేడి పెంచుతూ పోతే ఎనిమిది వందల డిగ్రీలు దాటాక అంకె ఒక్కసారిగా ఎగబాకింది. సరే అనుకున్నాను. చల్లార్చాక కూడా కిందికి దిగిరాదే! టెంపరేచర్ కొలిచే థర్మోకపుల్ పోయిందని మార్చాను. వైరింగ్ విప్పి మళ్లీ బిగించాను. అదే అంకె. చివరికి విసుగొచ్చి కప్పు తెరిస్తే లోపల పొడి లేదు, బిళ్ల ఉంది. స్పూనుతో కొడితే ఖంగుమంది. పైగా కుంచించుకుపోయి, కప్పు గోడకూ దానికీ మధ్య వెంట్రుకంత సందు వదిలింది. ఆ సందులో గాలి చేరింది కాబట్టి ఆ రెండో అంకె కూడా చెత్తే.

పొడిలో వేడిని అడ్డుకునేది బూడిద కంటే రేణువుల మధ్య ఉన్న గాలే. సోడియం, పొటాషియం ఎక్కువుంటే రేణువులు ఇంకా తొందరగా అతుక్కుంటాయి. అతుక్కున్నాక వేడికి దారి దొరికినట్టే, ఇక వెనక్కి రాదు. ఇంత తెలిసీ ఖాళీల శాతం రాయకుండా ఒక్క ఉష్ణవాహకత అంకె పడేసి పేపర్ ముగించేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

నూరకండి. మంటలో చల్లటి ప్రోబ్ పెట్టి, బూడిదను దాని మీదే పేరనివ్వండి. లోపలికెళ్లే వేడి ఎంతో, బూడిద పైన టెంపరేచర్ ఎంతో, కింద ప్రోబ్ లోహం టెంపరేచర్ ఎంతో చూడండి. పైది ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూస్తే ఎమిసివిటీని (ఆ ఉపరితలం వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకెను) నోటికొచ్చినంత వేయకండి, అక్కడే సగం మంది పప్పులో కాలేస్తారు. మందం కొలవడం నిజంగా తలనొప్పే. కానీ ట్యూబుల మీద పేరిన బూడిదను ఊదేసే సూట్ బ్లోయర్ ఎప్పుడు వేయాలన్నదే మీ టెన్షన్ అయితే మందం అక్కర్లేదు. వేడి ప్రవాహాన్ని ఆ రెండు టెంపరేచర్ల తేడాతో భాగించి, అది రోజూ ఎంత పడిపోతోందో చూసుకోండి చాలు.