టెక్ సందేహాలు: కారు ఏసీకి ఏటా గ్యాస్ పట్టించాల్సిందేనా?

ప్రశ్న: మా కారు కొని ఏడేళ్లయింది. రోజూ ఎర్రగుంట్ల నుంచి కడపకు వెళ్లొస్తాను. రోడ్డు మీద పోతున్నంతసేపూ ఏసీ చల్లగా ఉంటుంది. కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగానంటే వేడిగాలి కొడుతుంది. నిరుడు గ్యాస్ పట్టించాను. ఇప్పుడు మళ్లీ గ్యాస్ అయిపోయిందంటున్నారు. పట్టించమంటారా?
– ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల

జవాబు: ఇప్పుడే వద్దు. బండి పోతుంటే చల్లగా ఉండి, ఆగితే వేడిగాలి వస్తోందంటే ముందు చూడాల్సింది కండెన్సర్‌నూ దాని ఫ్యాన్‌నూ. కారు ముందు గ్రిల్ వెనక, రేడియేటర్‌కు ముందు ఉండేదే కండెన్సర్. కారు లోపలి వేడిని బయటికి వదిలేది అదే. బండి వేగంగా పోతుంటే ఎదురుగాలే దాన్ని చల్లారుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. పైగా మీరు తిరిగేది సిమెంట్ ఫ్యాక్టరీలూ నాపరాళ్ల లారీలూ ఉన్న దారి. ఆ దుమ్ము కండెన్సర్ సందుల్లో చేరి, ఒక వాన పడితే గట్టిపడుతుంది. ఇక గాలి దూరదు.

ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ వేసి, బోనెట్ ఎత్తి ఐదు నిమిషాలు గమనించండి. చేతులు, కండువా దూరంగా ఉంచుకోండి. కొన్ని కార్లలో ఫ్యాన్ ఆగి ఆగి తిరుగుతుంది, అది మామూలే. అసలు తిరగకపోతే ఫ్యూజ్, రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్), ఆ తర్వాత మోటారు, ఈ వరసలో చూపించండి. ఫ్యూజే పోయి ఉంటే ఖర్చు చాలా తక్కువ. ఫ్యాన్ బాగా తిరుగుతున్నా వేడిగాలే వస్తుంటే, వైర్ల మీద పడకుండా కండెన్సర్ మీద మాత్రం కొద్దిగా నీళ్లు చల్లండి. కాసేపటికి లోపల చల్లబడితే కండెన్సర్‌కు గాలి సరిగా ఆడడం లేదన్నమాట. ఇంజన్ చల్లారాక మామూలు నీళ్ల పైపుతో మెల్లగా కడిగించండి. వాటర్ వాష్ గన్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి, పల్చటి అల్యూమినియం రెక్కలు వంగిపోతాయి.

ఇక గ్యాస్ సంగతి. ఇది మన జిల్లాల్లో ప్రతి ఎండాకాలం జనం డబ్బు పోగొట్టుకునే చోటు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ మళ్లీ మళ్లీ తిరుగుతుంది. రబ్బరు గొట్టాలు, సీళ్ల నుంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గితే తగ్గొచ్చు. ఏడాదిలోనే ఖాళీ అయిందంటే మాత్రం ఎక్కడో లీక్ ఉన్నట్టే. అది కట్టకుండా నింపిన గ్యాస్ మళ్లీ గాల్లోకే పోతుంది. ఎక్కువ కార్లలో వాడే ఆర్-134ఏ గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే, వందేళ్ల లెక్కన సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. మీ జేబుకూ నష్టమే, ఊరికీ నష్టమే.

అందుకే షాపులో "గ్యాస్ ఎంత?" అని కాకుండా "లీక్ ఎక్కడుంది?" అని అడగండి. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగతో చూస్తారు, లేదా రంగు కలిపి ప్రత్యేకమైన లైటుతో వెతుకుతారు. పైపు జాయింట్ల దగ్గర నూనె మరక ఉంటే అక్కడే అనుమానించాలి, ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తి పైపుల్లో తిప్పే పంపు) ఆయిల్ కూడా బయటికొస్తుంది. లీక్ కట్టాక కనీసం అరగంట వాక్యూమ్ పెట్టించండి, అంటే పంపుతో పైపుల్లోని గాలినంతా లాగించండి. పైపుల్లో తేమ మిగలకూడదు. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు పట్టాలో బోనెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. తూకం వేసి అంతే పట్టించండి. "ఇంకొంచెం పోస్తే ఇంకా చల్లగా ఉంటుంది" అంటే నమ్మకండి. ఎక్కువైతే ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ కూడా దెబ్బతినొచ్చు.

ప్రశ్న: అనంతపురం నుంచి బెంగళూరు వెళ్తుంటే పెనుకొండ దాటేసరికి ఏసీ గాలి బాగా తగ్గిపోతోంది. బాగేపల్లిలో బండి ఆపి టీ తాగి వస్తే మళ్లీ మామూలే. ఏంటిది?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: డ్యాష్‌బోర్డ్ లోపలి కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుని గాలికి అడ్డం పడుతున్నట్టుంది. మీరు టీ తాగి వచ్చేలోపు అది కరిగిపోతోంది. ముందుగా కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, ఇంట్లోనే తీయొచ్చు. దుమ్ముతో నల్లబడి ఉంటే దులిపి పెట్టకుండా కొత్తది వేయండి. అప్పటికీ తగ్గకపోతే కాయిల్ దగ్గరుండే టెంపరేచర్ సెన్సర్‌ను, తర్వాత గ్యాస్ ప్రెషర్‌ను చెక్ చేయించండి. ఈలోగా దారిలో గాలి తగ్గితే టెన్షన్ పడకండి. ఏసీ బటన్ ఆపి, బ్లోయర్‌ను మాత్రం పది నిమిషాలు ఫుల్‌లో తిరగనివ్వండి. కారు కింద నీళ్లు కారతాయి, అది కరిగిన మంచే.